విల్లీ కోన్ దినచర్య : ఒక పరిశీలనము

దినచర్య వ్రాసికొను అలవాటు మన పెద్దలలో అరుదు. పుదుచ్చేరిలో ఫ్రెంచివారి కొలువున దుబాసీగా నుండిన ఆనందరంగపిళ్ళ 1736 మొదలు 1761 వరకు తమిళమున వ్రాసికొనిన దినచర్య దక్షిణదేశ చరిత్రకారులకు పెన్నిధి. కస్తూరి రంగకవి రచించిన ఆనందరంగరాట్ఛందమును అంకితముగొనిన ప్రభువుగా ఆయన పేరు తెలుగు లాక్షణికులకును పరిచితమే. యానాము, పుదుచ్చేరి ప్రాంతములలోని తెలుగువారికి ఈ సంగతి క్రొత్త కాదు. పిళ్ళ అధికారపీఠమునకు చేరువగా కూర్చుండి తాను చూచినదానిని వ్రాసెను. ఇచ్చట పరిశీలింపబడు దినచర్య అందుకు ఎదుటి దిక్కునుండి వ్రాయబడినది. ఉద్యోగము పోయి, పౌరహక్కులు పోయి, తుదకు భార్యాబిడ్డలతోగూడ ప్రాణములు పోగొట్టుకొనిన ఒక జర్మను ఉపాధ్యాయుడు 1933 నుండి 1941 వరకు వ్రాసికొనిన పుటలివి. ఆయన పేరు విల్లీ కోన్.

విల్లీ కోన్ 1888 డిసెంబరు 12వ తేదీన బ్రెస్లౌ నగరమున ఒక యూదు వర్తకుని ఇంట జన్మించెను. ఆ నగరము నాడు జర్మనీలోని సైలీషియా మండలమునకు ముఖ్యపట్టణము. 1945 తరువాత అది పోలండునకు చెంది వ్రోత్స్‌వాఫ్ అను పేర పిలువబడుచున్నది. 1933 నాటికి అందు సుమారు 20,000 మంది యూదులుండిరి. కోన్ చరిత్రశాస్త్రమును అభ్యసించి, మధ్యయుగమున సిసిలీ ద్వీపము నేలిన నార్మను రాజుల నౌకాబలమును గూర్చి పరిశోధన చేసెను. ఆ గ్రంథము 1910లో వెలువడెను. మొదటి ప్రపంచయుద్ధమున జర్మను సేనలో చేరి పోరాడి ఇనుపశిలువ పతకమును పొందెను. యుద్ధానంతరము 1919 నుండి బ్రెస్లౌలోని యోహన్నెస్ జిమ్నాజియమున ఉపాధ్యాయుడయ్యెను.

జిమ్నాజియ మనగా ఇచ్చట వ్యాయామశాల కాదు. విశ్వవిద్యాలయ ప్రవేశమునకు విద్యార్థులను సిద్ధము చేయు ఉన్నత పాఠశాలకు జర్మనులు పెట్టుకొనిన పేరది. అందలి ఉపాధ్యాయుడు పండితుడై యుండవలెను. ప్రభుత్వోద్యోగిగా జీవితాంతము భద్రత గలవాడు. ఊరిలో గౌరవము గలవాడు. బడిపని ముగించుకొని సాయంకాలము పరిశోధనము సాగించుట అక్కడి సంప్రదాయము. 1872లో నెలకొల్పబడిన యోహన్నెస్ జిమ్నాజియము మరియొక విశేషము గలది. క్రైస్తవులు, యూదులు అను భేదము లేక విద్యార్థులను చేర్చుకొనుటయే గాక, ఉపాధ్యాయులనుకూడ ఉభయ మతములనుండియు నియమించిన పాఠశాల యిది. సమాజశాస్త్రవేత్త నోర్బెర్ట్ ఎలియాస్, చరిత్రకారుడు వాల్టర్ లాకర్ అచ్చట చదివినవారే. కోన్ జీవితములో ఏది తెగిపోయినదో తెలియవలెనన్నచో ముందు ఈ పాఠశాల ఎట్టిదో తెలిసికొనవలెను. నాజీలు తీసివేసినది ఒక నెల జీతమును మాత్రమే కాదు.

ఆయన రచనలను చూచినవారికి ఒక సంగతి తోచకపోదు. సిసిలీని ఏలిన హోహెన్‌స్టౌఫెన్ వంశమును గూర్చి 1925లో ఒక గ్రంథమును, ట్యూటానిక్ వీరసంఘమునకు అధిపతియైన హెర్మన్ ఫాన్ సాల్జాను గూర్చి 1930లో మరియొక గ్రంథమును కోన్ ప్రకటించెను. జర్మను జాతీయవాదులు తమ మహాపురుషులని పొగడుకొనిన వారిని గూర్చి శ్రద్ధాభక్తులతో పరిశోధించినవాడు ఒక యూదు బడిపంతులు! నార్మనుల పిదప హోహెన్‌స్టౌఫెన్‌లు ఏలిన ఆ సిసిలీ రాజ్యమో, లాటిను, గ్రీకు, అరబ్బీ భాషలు మూడును శాసనములలో చెల్లిన రాజ్యము. పలెర్మో నగరమున 1149 నాటి ఒక సమాధిఫలకము కలదు. ఒక పురోహితుడు తన తల్లి పేర నిలిపిన ఆ రాతిమీద లాటిను, గ్రీకు, అరబ్బీ లేఖనములతోపాటు హీబ్రూ లిపిలో వ్రాసిన అరబ్బీ పాఠముకూడ నున్నది. తల్లి మరణమును నాలుగు తీరుల చెప్పికొనిన కొడుకు దేశములో మనస్సు నిలిపినవాడు, ఒక్క రక్తము, ఒక్క జాతి అను కేకలమధ్య ముసలితనమును సమీపించుచుండెను. కోన్ దీనిని ఎత్తిచూపి వాపోవలసిన పనిలేదు, చదువరికే తట్టును.

సోషల్ డెమొక్రాటు పక్షమున చేరి, లసాల్, మార్క్స్ మున్నగువారి చిన్న జీవితచరిత్రలను ఆయన యువకులకొరకు వ్రాసియుండెను. నాజీల దృష్టిలో ఇది రెండవ నేరము. హిట్లరు అధికారమునకు వచ్చిన పదివారములలోనే, 1933 ఏప్రిలు 7వ తేదీన, ప్రభుత్వోద్యోగముల పునరుద్ధరణము అను పేర ఒక చట్టము వెలువడెను. పేరు పునరుద్ధరణము, పని ఉద్వాసన. దానిలో ఒక ప్రకరణము ఆర్యులు కానివారిని తొలగించుటకు, వేరొక ప్రకరణము రాజకీయముగా నమ్మదగనివారిని తొలగించుటకు. యుద్ధరంగమున పోరాడిన యూదులకు మొదటి ప్రకరణమునుండి మినహాయింపు కలదు. రెండవదానినుండి ఎవరికిని లేదు. ఆ ఏడే కోన్ బడి వదలవలసివచ్చెను. నలువది నాలుగేండ్ల వయస్సు. బోధనలో పండిన కాలము. అదే ఏప్రిలు 25న వచ్చిన మరియొక చట్టము పాఠశాలలలోను కళాశాలలలోను క్రొత్తగా చేరు యూదు బాలుర సంఖ్యను నూటికి ఒకటిన్నరకు కుదించెను. 1938 నవంబరు 15న మిగిలిన యూదు బాలబాలికలు ప్రభుత్వ పాఠశాలలనుండి పూర్తిగా వెడలగొట్టబడిరి. ముందు గురువును, పిదప శిష్యుని పంపి తరగతిని రెండువైపుల మూసిరన్నమాట.

ఇక దినచర్యను గూర్చి. కోన్ తన బాల్యమునుండి 1933 వరకు గల జీవితమును స్మృతులుగాకూడ వ్రాసెను. అవి 1995లో ముద్రితములయ్యెను. ఆ రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టి చదివినవారికి స్వీయచరిత్రకును దినచర్యకును గల భేదము చక్కగా తెలియును. స్వీయచరిత్రకారుడు నడచివచ్చిన దారిని వెనుదిరిగి చూచి, ఎగుడుదిగుడులను సర్ది, అర్థవంతముగా చెప్పును. దినచర్య వ్రాయువాడు రేపు ఏమగునో ఎరుగడు. మంగళవారమున ఒక ఆశ, గురువారమున దాని భంగము, శనివారమున సభాప్రార్థన, ఆదివారమున మరల ఇంకొక ఆశ. చదువరికి మాత్రము తుది తెలియును. ఇందువలన ప్రతి పుటయందును వ్రాసినవానికి లేని జ్ఞానము చదువరికి ఉండును. ఆ జ్ఞానమే ఈ గ్రంథమును చదువుటలో పెద్ద అడ్డంకి. ఇంత తెలివిగలవాడు ఈ సూచనను ఏల గుర్తింపలేదు అని పుటపుటకు విసుగు కలుగును. విమర్శకుడు ముందుగా ఈ విసుగును వదలుకొనవలెను.

గ్రంథమున దోషములు లేకపోలేదు. వేయి పుటలకు మించిన ఈ రచనలో పునరుక్తి మెండు. తన ఆరోగ్యమును గూర్చిన గోడు, ఇంటిలోని చిన్న చిన్న మనస్పర్ధలు, ఇతరుల నడవడిపై బడిపంతులు ధోరణిలో వేసిన మార్కులు పదేపదే వచ్చును. వర్ణనము తక్కువ. ఒక మహాగ్రంథము వ్రాయుచున్నానను స్పృహ ఎచ్చటను కానరాదు. కాని ఈ చప్పిదనమే దినచర్యకు బలము. ఉపన్యాసమునకు ఎవరు వచ్చిరి, ఏ పుస్తకము చదివితిని, బిడ్డలేమనిరి అను మాటలమధ్యనుండి నిషేధములు ఒక్కొక్కటిగా వచ్చి కూర్చుండును. 1939 జనవరి మొదలు పురుషులందరి పేర్లకును ఇజ్రాయెల్ అనియు, స్త్రీల పేర్లకు సారా అనియు చేర్పవలెనన్న నియమము. యుద్ధము ఆరంభమైన పిదప రాత్రి ఎనిమిది గంటల తరువాత వీధిలోనికి రాగూడదన్న ఆజ్ఞ. రేడియోలు స్వాధీనము చేయుట. 1941 సెప్టెంబరు 19 నుండి రొమ్ముపై పచ్చని నక్షత్రము. చరిత్రగ్రంథములలో ఇవి ఒక జాబితాగా నుండును. ఇచ్చట ఒక్కొక్కటి ఒకానొక దినమున ఒక ఇంటి తలుపు తట్టి లోపలికి వచ్చును.

గ్రంథమునందలి అన్నిటికంటె క్లిష్టమైన విషయము కోన్‌కు జర్మనీపై గల ప్రేమ. ఆయన నిష్ఠాపరుడైన యూదుడు. పాలస్తీనాలో యూదుల స్వదేశము వెలయవలెనని కోరిన జియోనిస్టు. అయినను జర్మను భూమిని, భాషను, సైన్యమునుకూడ ప్రేమించుట మానలేదు. తనను బడినుండి త్రోసివేసిన ప్రభుత్వము సాధించిన కొన్ని విజయములను చూచి ఆయన మెచ్చుకోలు మాటలు వ్రాసిన చోట్లున్నవి. అవి చదువునప్పుడు నేటి చదువరి మనస్సు చివుక్కుమనును. కొందరు ఆ మాటలను చూపి ఆయనను అమాయకుడనుదురు. మరికొందరు వానిని చూడనట్లు దాటిపోవుదురు. రెండును న్యాయము కాదు. సంపాదకుడు ఆ వాక్యములను తొలగింపక ముద్రించుట మెచ్చదగిన పని. నలువదియేండ్లు ఒక దేశమును తనదని నమ్మి, దానికొరకు కందకములలో పడుకొని, దాని చరిత్రను పిల్లలకు చెప్పినవాడు ఒక్క చట్టముతో ఆ నమ్మకమును మడచి పెట్టెలో పెట్టలేడు. కాదు, పెట్టగలిగియుండిన మేలుగా నుండెడిది అను మాటయు నిజమే. ఈ రెండు నిజములు పోరాడుకొనుటయే ఈ దినచర్యలోని రసము అనవచ్చును. సానుభూతి గలదని ఆ మాటలలోని పొరపాటును ఒప్పు చేయనక్కరలేదు.

మరి ఏల వెడలిపోలేదు? 1937లో కోన్ భార్యతో పాలస్తీనాకు వెళ్ళెను. పెద్దభార్య కుమారులలో ఒకడు అచ్చట గివత్ బ్రెన్నెర్ అను సమష్టి వ్యవసాయ క్షేత్రమున నుండెను. దంపతులు చూచిరి, ఆలోచించిరి, తిరిగి జర్మనీకి వచ్చిరి. ఈ తిరిగివచ్చుట దగ్గర పుస్తకము మూసి తలపట్టుకొనని చదువరి ఉండడు. అయితే నలువది యెనిమిదేండ్ల చరిత్ర పండితునికి నారింజతోటలో ఏమి పని? ఆయనకు తెలిసిన విద్య జర్మను భాషలో బోధించుట. భార్యకు ఆ జీవితము సరిపడలేదు. ఇంటివద్ద బిడ్డలున్నారు. 1938 నవంబరున బ్రెస్లౌలోని నూతన ప్రార్థనాలయము కాల్చివేయబడి, అనేకులు బుఖెన్‌వాల్డు నిర్బంధ శిబిరమునకు పంపబడిన తరువాత ఆయన మనస్సు మారెను. ఆ రోజులలో ఇంటిలో లేకపోవుటచేత తాను మాత్రము అరెస్టు కాలేదు. కాని అప్పటికి ద్వారములు మూతపడుచుండెను. బ్రిటిషువారు 1939 మేలో వెలువరించిన శ్వేతపత్రము పాలస్తీనాకు రాదగిన యూదుల సంఖ్యను అయిదేండ్లకు 75,000గా కట్టడి చేసెను. దేశము విడుచువారి ఆస్తిలో పెద్దభాగమును జర్మను ప్రభుత్వము పన్నుగా లాగుకొనుచుండెను. సెప్టెంబరున యుద్ధము వచ్చెను. 1941 అక్టోబరున యూదుల వలస పూర్తిగా నిషేధింపబడెను. పెద్దపిల్లలు మువ్వురు దేశము దాటి బ్రతికిరి. తల్లిదండ్రులు, చిన్నపిల్లలు ఇద్దరు మిగిలిరి.

కోన్‌ను గూర్చి మాటాడునప్పుడు విక్టర్ క్లెంపెరెర్ పేరు రాక తప్పదు. ఆయన డ్రెస్డెను సాంకేతిక విద్యాలయమున ఫ్రెంచి సాహిత్యాచార్యుడు; 1935లో పదవినుండి తొలగింపబడెను; భార్య యూదు వంశజురాలు కాకపోవుటచేత చావు తప్పించుకొనెను. నాజీలు జర్మను భాషను ఎట్లు పాడుచేసిరో నిరూపించుచు 1947లో ఆయన ప్రకటించిన గ్రంథము భాషాధ్యాపకు లందరును చదువదగినది. ఆయన దినచర్యలు 1995లో వెలువడి ప్రపంచప్రసిద్ధి పొందెను. పైన చెప్పిన వాల్టర్ లాకర్ ఈ ఇరువురను ఒక్కచోట చేర్చి పరిశీలించియున్నాడు. క్లెంపెరెర్ చూపు పదునైనది, వాక్యము చురుకైనది. ఆయన మాటలను పట్టుకొని పరీక్షించును. కోన్ మాటలను పరీక్షింపడు. తాను చిన్ననాట నేర్చిన జర్మనులో, తాను బడిలో బోధించిన జర్మనులో శాంతముగా వ్రాసికొనిపోవును. సాహిత్యదృష్టిచే క్లెంపెరెర్‌దే పైచేయి. అయినను క్లెంపెరెర్ ప్రొటెస్టెంటు మతము పుచ్చుకొని యూదు సమాజమునకు దూరముగా నుండినవాడు. ఒక సమాజము తన బడులు, ప్రార్థనలు, ఉపన్యాసములు, పెండ్లిండ్లు, శ్మశానములతోగూడ ఎట్లు నశించెనో లోపలినుండి చూపునది కోన్ దినచర్యయే.

పరభాషా ప్రాంతములలో తరతరములుగా నుండి ఇంట తెలుగు నిలుపుకొనుచున్న మనకు భాషయే బంధుత్వమునకు గుర్తు. అందుచేత ఈ గ్రంథమున ఒక విషయము మనకు మరింత వింతగా తోచును. కోన్‌కు జర్మను భాష పరాయిది కాదు. రెండవ భాషయు కాదు. పొరుగువారి భాషయే ఆయన ఇంటి భాష. దానిలో ఆయన చాలమంది పొరుగువారికంటె పండితుడు. కాని ఆ రాజ్యమున భాష సాక్ష్యముగా చెల్లలేదు. తాతయు ముత్తాతయు ఏ ప్రార్థనాలయమునకు పోయిరో ఆ రిజిస్టరు చెల్లెను.

చివరి సంవత్సరములను గూర్చిన పుటలలో కెథెడ్రల్ ప్రసక్తి ముఖ్యమైనది. ప్రభుత్వ గ్రంథాలయములు యూదులకు మూతపడిన తరువాత, కాథలిక్కు మతపీఠమునకు చెందిన పత్రాగారము ఆయనను రానిచ్చెను. మధ్యయుగ జర్మనీలోని యూదుల నివాసములను గూర్చి కూర్పబడుచున్న ‘గెర్మానియా యుడైకా’ అను విజ్ఞానకోశమునకు సైలీషియా పట్టణములను గూర్చిన వ్యాసములను ఆయన అచ్చట సిద్ధపరచెను. నగరమున సజీవులైన యూదులను ఇండ్లనుండి ఖాళీ చేయించుచుండగా, ఏడువందల యేండ్లనాటి యూదులు ఏ వీధిలో నుండిరో ఆయన పాత పత్రములలో వెదకుచుండెను. ఇది పలాయనమని కొందరనవచ్చును. బడి లేని బడిపంతులునకు ప్రొద్దున లేచి పోవుటకు ఒక చోటు ఉండవలెను గదా! అక్కడ తనను మర్యాదగా పలుకరించిన క్రైస్తవ గురువులను ఆయన కృతజ్ఞతతో పేర్కొనెను. ఒకరిద్దరి మర్యాద చూచి నగరమంతయు అట్లే యుండెనని చదువరి భ్రమపడరాదు. కోన్ మాత్రము అప్పుడప్పుడు కొంత భ్రమపడెననియే చెప్పవలెను.

1941లో తూర్పు యుద్ధరంగమునుండి యూదుల సామూహిక వధను గూర్చిన వార్తలు బ్రెస్లౌకు చేరెను. కోన్ వానినికూడ వ్రాసికొనెను. చివరి నమోదు నవంబరు 17వ తేదీది. నోటుపుస్తకములను అంతకుముందే బెర్లినులోని బంధువుల రక్షణలో నుంచిరి. ఆ నగరముపై అన్ని బాంబులు పడినను అవి నిలిచెను. మూలప్రతులు నేడు జెరూసలేములో భద్రపరుపబడియున్నవి. నోర్బెర్ట్ కొన్రాడ్స్ సంపాదకత్వమున 2006లో రెండు సంపుటములుగా వెలువడిన గ్రంథమునకు జర్మనున పెట్టిన పేరునకు ‘న్యాయము లేదు, ఎచ్చటను లేదు’ అని అర్థము. 2012లో కెన్నెత్ క్రోనెన్‌బర్గ్ ఆంగ్లమున అనువదించిన సంక్షిప్త ప్రతికి ‘జర్మనీలో న్యాయము లేదు’ అని పేరు మార్చిరి. ఈ మార్పు తగినది కాదు. పాలస్తీనా అనుమతిపత్రము కొరకు తిరిగి తిరిగి విసిగినవాని గ్రంథమునకు ‘ఎచ్చటను’ అను మాటయే సరియైనది. సంక్షేపించుటవలన చదువుట సులభమైనదేగాని, పునరుక్తి తగ్గినకొలది దినములు బరువుగా సాగిన అనుభవము కొంత తగ్గినది.

1941 నవంబరు 25వ తేదీన కోన్, భార్య గెర్ట్రూడ్, తొమ్మిది, మూడు ఏండ్ల కుమార్తెలు ఇద్దరును దాదాపు వేయిమంది బ్రెస్లౌ యూదులతోపాటు రైలులో లిథువేనియాలోని కౌనస్ నగరమునకు పంపబడిరి. 29వ తేదీన అచ్చటి తొమ్మిదవ కోటవద్ద అందరును కాల్చి చంపబడిరి. ఈ సంగతి దినచర్యలో లేదు, ఉండజాలదు. అది మరియొక జర్మను లేఖనమున నున్నది. హత్యాదళ నాయకుడు కార్ల్ యేగర్ డిసెంబరు 1వ తేదీన తన పైయధికారులకు పంపిన నివేదికలో దినమునకొక వరుసగా లెక్కలు వ్రాసి, మొత్తము 137,346 అని కూడి చూపెను. నవంబరు 29కి ఎదురుగా వియన్నా, బ్రెస్లౌలనుండి వచ్చినవారు పురుషులు 693, స్త్రీలు 1,155, పిల్లలు 152, వెరసి 2,000 అని యున్నది. పేర్లు లేవు. ఆ 152 మందిలో ఇద్దరి పేర్లు, వారి ఆటలు, వారి జబ్బులు, వారు తండ్రితో అన్న మాటలు దినచర్యలో నున్నవి.